టిక్కా 6.5, హోవా .308, సెకండ్ హ్యాండ్ రెమింగ్టన్ 700 .30-06: మొదటి బోల్ట్ యాక్షన్‌గా ఏది?

కొండకోన:

ఇన్నాళ్లూ షాట్‌గన్‌తోనే సరిపెట్టుకున్నాను. ఇప్పుడు మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (చేత్తో బోల్ట్ తిప్పి ఒక్కో తూటా ఎక్కించేది) కొనాలి, లైసెన్సు పని అయిపోయింది. వేట జింకలకీ అడవిపందులకీ. దూరం మామూలుగా 80 నుంచి 150 మీటర్లు. లోయ అవతలి గట్టు మీద కనబడితే 250. అంతకు మించి కాల్చే ఉద్దేశం లేదు. ఎక్కడం దిగడం ఎక్కువ కాబట్టి బరువూ చూసుకోవాలి.

వడపోసి మూడింటి దగ్గర ఆగాను (6.5, .308, .30-06 అనేవి తూటా రకాలు):

1. టిక్కా టీ3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మూర్, కొత్తది
2. హోవా 1500, .308 విన్‌చెస్టర్, కొత్తది, హోగ్ రబ్బరు పూత స్టాక్ (భుజానికి ఆనే పిడి)
3. రెమింగ్టన్ 700, .30-06, సెకండ్ హ్యాండ్, వాల్‌నట్ స్టాక్. ధర కొత్త టిక్కాలో ఇంచుమించు సగం

సందేహాలు: కంట్రోల్డ్ ఫీడ్ లేని రైఫిల్ వేటకి పనికిరాదని కొందరు గట్టిగా చెబుతున్నారు, నిజమేనా? పెద్ద పందికి 6.5 ఆనుతుందా? తన్ను (పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) విషయంలో మూడింటికీ తేడా ఎంత? సెకండ్ హ్యాండ్‌ది అయితే ఏం చూసి కొనాలి? "ఏదైనా ఒకటే, నచ్చింది తీసుకో" అని మాత్రం అనకండి, ఆ సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు.

రెంచ్ బాబాయ్:

ముందు ఆ కంట్రోల్డ్ ఫీడ్ గొడవ తేల్చేద్దాం. మీరు రాసిన మూడూ పుష్ ఫీడ్‌లే, కాబట్టి మీ ఎంపికకి అది అడ్డు రాదు. సంగతి మాత్రం తెలిసుండాలి.

మౌజర్ 98 (పాత జర్మన్ సైన్యపు రైఫిల్) తరహాలో, అంటే కంట్రోల్డ్ ఫీడ్‌లో, తూటా మ్యాగజైన్‌లోంచి పైకి లేస్తుండగానే దాని వెనక అంచు ఎక్స్‌ట్రాక్టర్ (తూటాని వెనక్కి లాగేది) కొక్కెం కిందికి జారుతుంది. అక్కణ్ణుంచి ఛాంబర్‌లోకి (తూటా పేలే గది) వెళ్లేదాకా బోల్ట్ దాన్ని పట్టుకునే ఉంటుంది. పుష్ ఫీడ్‌లో బోల్ట్ తూటాని ముందుకి నెట్టడమే, పట్టు ఉండదు. బోల్ట్ చివరిదాకా వెళ్లినప్పుడే కొక్కెం అంచు మీదికి ఎక్కుతుంది. తేడా ఎప్పుడు బయటపడుతుందంటే, కంగారులో బోల్ట్‌ని ముప్పాతిక దూరం తోసి మళ్లీ వెనక్కి లాగినప్పుడు. పుష్ ఫీడ్‌లో మొదటి తూటా ఛాంబర్‌లోనే ఉండిపోతుంది, రెండోది వెళ్లి దాని వెనక గుద్దుకుని ఇరుక్కుంటుంది. మౌజర్ తరహాలో మొదటిది బోల్ట్‌తో పాటే బయటికొచ్చేస్తుంది. మీద పడే జంతువుల వేటలో ఈ తేడాకి విలువ ఉంది. జింకల దగ్గర, బోల్ట్‌ని వెనక్కి పూర్తిగా లాగి ముందుకి పూర్తిగా తోసే అలవాటు ఉంటే చాలు.

కంట్రోల్డ్ ఫీడ్‌కీ దాని పేచీ దానికుంది. తూటాని చేత్తో ఛాంబర్‌లో వేసి బోల్ట్ మూస్తే అసలు 98 కొక్కెం అంచు మీదికి ఎక్కనని మొరాయిస్తుంది. బలవంతం చేస్తే కొక్కెం విరుగుతుంది. మ్యాగజైన్ గుండానే ఎక్కించాలి. 1936లో వచ్చిన విన్‌చెస్టర్ 70ని 1964లో పుష్ ఫీడ్‌కి మార్చారు. జనం గోల పెట్టిన మాట నిజమే, కానీ ఆ గోలలో సగం ఫీడ్ గురించి కాదు, పనితనం పలచబడ్డందుకు.

ఇక అసలు తేడాలు.

బోల్ట్ ఎత్తే కోణం: రెమింగ్టన్, హోవాలకి 90 డిగ్రీలు, టిక్కాకి 70. కోణం తగ్గితే హ్యాండిల్‌కీ స్కోప్ కంటి వైపు గొట్టానికీ మధ్య వేళ్లకి చోటు మిగులుతుంది. కానీ ఊరికే ఏదీ రాదు. ఫైరింగ్ పిన్ స్ప్రింగ్‌ని నొక్కే పని అదే, తిప్పే దూరం తక్కువ, కాబట్టి ఎత్తేటప్పుడు బలం ఎక్కువ కావాలి. టిక్కా బోల్ట్ జారుడు నునుపుగా ఉంటుంది గనుక అది పెద్దగా తెలియదు. 60 డిగ్రీల రైఫిళ్లలో తెలుస్తుంది. దుకాణంలో బోల్ట్ తిప్పి చూసేటప్పుడు రైఫిల్‌ని భుజానికి ఆనించి, తల ఎత్తకుండా తిప్పండి. నడుం దగ్గర పట్టుకుని తిప్పితే అన్నీ నునుపుగానే ఉంటాయి.

సేఫ్టీ: హోవాది మూడు స్థానాలది. మధ్య స్థానంలో ట్రిగ్గర్ కట్టేసి ఉన్నా బోల్ట్ తెరుచుకుంటుంది, అంటే సేఫ్టీ తియ్యకుండానే తూటాలు దించుకోవచ్చు. టిక్కాది రెండు స్థానాలది. సేఫ్టీ వేస్తే బోల్ట్ కూడా బిగుసుకుంటుంది. పొదల్లో హ్యాండిల్ తగులుకుని తెరుచుకోదు, అది లాభం. ఛాంబర్ ఖాళీ చెయ్యాలంటే మాత్రం సేఫ్టీ తియ్యక తప్పదు, అప్పుడు గొట్టం ఎటు చూస్తోందో మీరే చూసుకోవాలి.

రికాయిల్ లగ్ (తన్నుని స్టాక్‌కి అందించే మెట్టు): హోవాలో లగ్ రిసీవర్‌తో (బోల్ట్ కదిలే లోహపు గూడు) ఒకే ముక్క, అడుగు చదును. స్టాక్‌లో కుదురుగా కూర్చుంటుంది. రెమింగ్టన్ రిసీవర్ గుండ్రటి గొట్టం, లగ్ అనేది బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య బిగించిన మందపాటి పలక. టిక్కాలో లగ్ స్టాక్‌లోనే కూర్చునే విడి ముక్క, రిసీవర్ అడుగున ఉన్న గాడి దాని మీద దిగుతుంది. టీ3లో అది అల్యూమినియం, టీ3ఎక్స్‌లో ఉక్కు చేశారు. టిక్కా స్టాక్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఆ ముక్క జారిపోకుండా చూసుకోండి. అది గాడిలో పడకుండా స్క్రూలు బిగిస్తే గుంపు (కాగితం మీద తూటాలు పడ్డ చోట్ల వెడల్పు) గోడంత అవుతుంది, కారణం వెతికి చచ్చిపోతారు.

మ్యాగజైన్: టిక్కాది ఊడదీసే ప్లాస్టిక్ పెట్టె, తూటాలు ఒకే వరసలో, మూడు పడతాయి. ఫీడ్ చాలా నమ్మకంగా ఉంటుంది. పెట్టె ఎక్కడో జారిపోతే మాత్రం రైఫిల్ ఒంటి తూటాది అయిపోతుంది. రెండోది కొని సంచిలో పడెయ్యండి. హోవా, రెమింగ్టన్‌లలో కింద తలుపున్నవాటికి ఆ బెంగ లేదు, తలుపు తెరిస్తే తూటాలన్నీ చేతిలో పడతాయి.

హోగ్ స్టాక్ గురించి ఒక మాట. తడి చేతికి పట్టు బాగుంటుంది, కానీ ముందు భాగం మెత్తన. బైపాడ్ (రెండు కాళ్ల ఆనుడు) వేసి బరువు ఆనిస్తే స్టాక్ వంగి బ్యారెల్‌ని తాకుతుంది. దళసరి కాగితం ఒకటి స్టాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య దూర్చి రిసీవర్ దాకా జరపండి. తర్వాత బైపాడ్ మీద బరువు వేసి మళ్లీ జరపండి. మొదటిసారి జరిగి రెండోసారి ఆగితే సంగతి అర్థమైనట్టే. సంచి మీద ఆనించి కాల్చేవాళ్లకి ఈ బాధ ఉండదు.

నాలుగో క్లిక్:

యాక్షన్ సంగతి బాబాయ్ గారు చెప్పేశారు. నేను తూటా లెక్కలు ఇస్తాను.

తన్ను ముందు. స్కోప్‌తో కలిపి 3.4 కిలోల రైఫిల్ అనుకుని, మామూలు ఫ్యాక్టరీ లోడ్లకి లెక్క కడితే వెనక్కి వచ్చే శక్తి సుమారుగా (గ్రెయిన్లలో ఉన్నది గుండు బరువు):

.243, 100 గ్రెయిన్లు: 15 జౌల్స్
6.5 క్రీడ్‌మూర్, 140 గ్రెయిన్లు: 19
.308, 150 గ్రెయిన్లు: 24
.30-06, 165 గ్రెయిన్లు: 31
.300 విన్ మాగ్, 180 గ్రెయిన్లు: 47

అదే .308ని 3 కిలోల రైఫిల్‌లో పెడితే 27 దాటుతుంది, 4 కిలోలైతే 20 దగ్గరికి దిగుతుంది. మీ మూడింటిలో టిక్కా తేలిక, స్కోప్ లేకుండా 2.9 కిలోల దగ్గర ఉంటుంది. హోవా హోగ్ దానికంటే సుమారు అర కిలో బరువు. అంటే టిక్కాలో 6.5, హోవాలో .308 పెట్టి చూస్తే భుజానికి తగిలేది కాగితం మీద తేడా కంటే దగ్గరగా ఉంటుంది. టిక్కా లైట్‌నే .30-06లో తీసుకుంటే తెలిసొస్తుంది.

గుండు పడిపోయే లెక్క. 200 మీటర్లకి జీరో చేసి (ఆ దూరంలో గుండు గురి మీదే తగిలేలా స్కోప్ సర్ది), స్కోప్ మధ్యగీత బ్యారెల్ మధ్యనుంచి 4 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, సెకనుకి 860 మీటర్ల .308 150 గ్రెయిన్ల గుండు 100 మీటర్ల దగ్గర సుమారు 6 సెం.మీ. పైన, 250 దగ్గర 10 సెం.మీ. కింద, 300 దగ్గర 25 సెం.మీ. కింద ఉంటుంది. 6.5 140 గ్రెయిన్లది సెకనుకి 823 మీటర్లతో బయల్దేరి ఈ దూరాల్లో ఇంచుమించు అదే దారి పడుతుంది. "6.5 గీత గీసినట్టు పోతుంది" అనే మాట మీ 250 మీటర్లకి వర్తించదు. దాని లాభం గాలిలో ఉంది. సెకనుకి 4 మీటర్ల పక్కగాలి 250 మీటర్ల దగ్గర .308ని సుమారు 14 సెం.మీ. నెడితే 6.5ని సుమారు 9 సెం.మీ. నెడుతుంది. లోయకి అడ్డంగా కొట్టేవాళ్లకి ఆ 5 సెం.మీ. పనికొస్తుంది, ఎందుకంటే లోయ మధ్యలో గాలి మీరు నిలబడ్డ చోట గాలిలా ఉండదు.

పెద్ద పందికి 6.5 సరిపోతుంది, గుండు సరైనదైతే. పంది భుజం మీద దళసరి చర్మపు కవచం, కింద ఎముక. పల్చటి తొడుగున్న టార్గెట్ గుండు అక్కడే పగిలి ఆగిపోతుంది. బాండెడ్ గుండో (తొడుగూ సీసమూ అతికినది) పూర్తి రాగి గుండో తీసుకోండి. రాగిదైతే రెండు షరతులు. ఒకటి, అదే బరువుకి సీసం గుండు కన్నా పొడుగ్గా ఉంటుంది కాబట్టి బ్యారెల్ మెలిక (గుండుని తిప్పే లోపలి గాడుల చుట్టు) చురుగ్గా ఉండాలి. 6.5 క్రీడ్‌మూర్‌లో 8 అంగుళాలకి ఒక చుట్టు మామూలే, ఏ ఇబ్బందీ లేదు. .308లో 10, 11, 12 అంగుళాల మెలికలు మూడూ కనిపిస్తాయి. 12ది అయితే రాగిలో 150 గ్రెయిన్ల దగ్గర ఆగండి. రెండు, రాగి విచ్చుకోవడానికి వేగం కావాలి. చాలా గుండ్లకి తగిలేటప్పుడు సెకనుకి 600 మీటర్లైనా ఉండాలి. పెట్టె మీద తయారీదారు వేసే కనీస వేగం చూసుకుని మీ దూరంతో సరిపోల్చండి. 250 మీటర్లకి మీ మూడు తూటాలూ ఆ గీతకి పైనే ఉంటాయి.

ఏ జంతువుకి కనీసం ఎంత క్యాలిబర్, ఎంత శక్తి అన్న నిబంధన కొన్నిచోట్ల ఉంటుంది. కొనేముందు అది చూసుకోండి.

వాల్‌నట్:

6.5 మీద మోజు ఎక్కువైపోయింది. .30-06లో 150 నుంచి 220 గ్రెయిన్ల దాకా గుండు దొరుకుతుంది. 1906 నుంచి ఉన్న తూటా, దాంతో పడని జింకా లేదు పందీ లేదు. మంచి వాల్‌నట్ స్టాక్‌తో సగం ధరకి 700 వస్తుంటే ప్లాస్టిక్ ఎందుకు కొనడం?

నాలుగో క్లిక్:

వాల్‌నట్ గారూ, 220 గ్రెయిన్ల గుండు ఈయన వేటలో ఎక్కడ వాడతారు? 150 మీటర్ల జింకకి 31 జౌల్స్ తన్ను భరించి లాభం లేదు. కొత్తవాళ్లు తన్నుకి భయపడి ట్రిగ్గర్ గుంజడం మొదలెడితే ఆ అలవాటు వదలడం కష్టం. ఛాంబర్‌లో డమ్మీ ఉందో నిజం తూటా ఉందో తెలియకుండా పక్కవాళ్లు ఎక్కించి ఇస్తే, డమ్మీ వచ్చినప్పుడు గొట్టం కిందికి వాలుతుంది, అంతే, దొరికిపోతారు. దీర్ఘ యాక్షన్ కూడా లెక్కలో వేసుకోండి. .308 తూటా మొత్తం పొడవు 71 మి.మీ., .30-06ది 85. బోల్ట్ అంత దూరం ఎక్కువ వెనక్కి రావాలి. సగం తోసి ఇరికించడం జరిగేది అక్కడే. ధర సంగతి మాత్రం ఒప్పుకుంటాను, 700 బాగున్నదైతే.

బోర్ లైట్:

"బాగున్నదైతే" అన్నారు కదా, అది ఎలా తేల్చాలో చెబుతాను. ఇది .30-06 అయినా ఇంకేదైనా ఒకటే వరస. ముందు మ్యాగజైన్, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, చిటికెన వేలుతో తడిమి చూడండి.

ట్రిగ్గర్ దగ్గర మొదలెట్టండి, ఎందుకంటే ఇక్కడ తేడా ఉంటే మిగతావి చూడక్కర్లేదు. బోల్ట్ మూసి కాక్ చేసి (ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ బిగుసుకునేలా) సేఫ్టీ వెయ్యండి. ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టకుండా సేఫ్టీ తియ్యండి. క్లిక్ మంటే వెనక్కి ఇచ్చెయ్యండి. తర్వాత కాక్ చేసి సేఫ్టీ తీసి, బట్‌ని రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టండి. బోల్ట్‌ని విసురుగా మూసి చూడండి. ఎక్కడా ఫైరింగ్ పిన్ పడకూడదు. 700 విషయంలో ఇది లాంఛనం కాదు. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లని 2014లో వెనక్కి పిలిచారు. బిగింపులో వాడిన జిగురు ఎక్కువై, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే అవకాశం ఉందని. అంతకు ముందు తరం వాకర్ ట్రిగ్గర్ మీదా ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. తయారైన ఏడు, సీరియల్ నంబరు కనుక్కోండి. అనుమానం ఉంటే ట్రిగ్గర్ మొత్తం మార్చే ఖర్చు ధరలోంచి కొట్టెయ్యండి, 700కి బయటి ట్రిగ్గర్లు కొల్లలు. 1982కి ముందు తయారైనదైతే సేఫ్టీ బోల్ట్‌ని కూడా బిగిస్తుంది, ఖాళీ చేసేటప్పుడు సేఫ్టీ తియ్యాలి.

తర్వాత బోల్ట్. 700లో హ్యాండిల్ బోల్ట్‌కి బ్రేజింగ్‌తో అతికించినది. అతుకు చుట్టూ వెంట్రుక మందం సందైనా ఉందేమో లైటు వేసి చూడండి. బోల్ట్ తలకున్న రెండు లగ్గుల (బోల్ట్‌ని తాళంలా పట్టే చెవులు) వెనక ముఖాలు చూడండి. రెండూ మెరిసేలా అరిగి ఉండాలి. ఒకటే మెరుస్తూ రెండోది నల్లగానే ఉంటే బరువంతా ఒక్క లగ్ మోస్తోంది. ఎక్స్‌ట్రాక్టర్ బోల్ట్ ముఖం లోపల కూర్చునే పల్చటి సీ ఆకారపు స్ప్రింగ్. డమ్మీ తూటా ఛాంబర్‌లో వేసి తీసి, పట్టు చూడండి. ఎజెక్టర్ (ఖాళీ తొడుగుని బయటికి విసిరేది) పిన్నుని సన్నటి పంచ్‌తో నొక్కితే లోపలికి దిగి టక్కున పైకి రావాలి. నెమ్మదిగా వస్తే లోపల గ్రీజు గడ్డకట్టింది. అది శుభ్రం చేస్తే పోయేదే, దాన్ని చూపించి బేరం మాత్రం ఆడొచ్చు.

బ్యారెల్ శుభ్రం చెయ్యకుండా చూడకండి. రాగి పేరుకున్న బోర్ (గొట్టం లోపలి రంధ్రం) మెరుస్తూనే ఉంటుంది. రాగి తీసే ద్రావణం తడిపిన గుడ్డ దూర్చితే నీలంగానో ఆకుపచ్చగానో వస్తే ఇంకా ఉన్నట్టు. శుభ్రమయ్యాక బోర్‌స్కోప్‌తో ఛాంబర్ ముందు భాగం చూడండి. అక్కడ ఉక్కు ఎండిన చెరువు మట్టిలా పగిలి కనిపిస్తుంది, వాడిన ప్రతి రైఫిల్‌లోనూ కాస్త ఉంటుంది. ఆ పగుళ్లు కొద్ది దూరంలో ఆగిపోతే పర్వాలేదు. రైఫ్లింగ్ (లోపలి గాడులు) అంచులు మొండిగా అరిగి పగుళ్లు చాలా దూరం పాకితే "కొద్దిగా వాడింది" అన్న మాట అబద్ధం. మూతి దగ్గర దూది పుల్లని లోపలినుంచి బయటికి తిప్పుతూ లాగండి. నూలు ఎక్కడ తగులుకుంటే అక్కడ క్రౌన్ (గొట్టం మూతి అంచు) దెబ్బతింది. అది లేత్ మీద సరిచేయించే చిన్న పని.

హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) గేజ్‌తో తేల్చాలి, కంటితో తేలదు. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్ సెట్టు, ఎజెక్టర్ తీసి, గో గేజ్ (కనీస కొలత) వేసి వేలితో మూస్తే మూసుకోవాలి. నో-గో (గరిష్ఠ కొలత) వేస్తే మూసుకోకూడదు. బలం పెట్టి మూస్తే గేజ్ కూడా పాడవుతుంది. గన్‌స్మిత్ దగ్గర నిమిషాల పని.

కర్ర స్టాక్‌లో రెండు చోట్లు: రికాయిల్ లగ్ కూర్చునే గూడు, రిసీవర్ వెనక తోక చుట్టూ. పగుళ్లు అక్కణ్ణుంచే మొదలవుతాయి. వేలి కొసని స్టాక్ ముందు చివరకీ బ్యారెల్‌కీ మధ్య పెట్టి, ముందు స్క్రూ వదులు చేసి బిగించండి. బ్యారెల్ లేచి పడుతున్నట్టు వేలికి తెలిస్తే బెడ్డింగ్ (రిసీవర్ స్టాక్‌లో కూర్చునే తీరు) సరిగా లేదు. డయల్ గేజ్ ఉంటే 0.1 మి.మీ. దాటి కదలకూడదని గుర్తు. వాల్‌నట్ గారి అందమైన కర్ర వానలో ఉబ్బి బ్యారెల్‌ని నెట్టడం మొదలెడితే తొలకరికి ఒక జీరో, ఎండకి ఒక జీరో. పాత స్టాకులకి ఎపాక్సీతో బెడ్డింగ్ చేయించుకునేది ఆ బాధకే.

అమ్మేవాళ్లు మూడు తూటాల గుంపు చూపిస్తే మురిసిపోకండి. అదే రైఫిల్ పది కాలిస్తే గుంపు సగటున మూడు తూటాల దానికి ఒకటిన్నర రెట్లు పైనే వస్తుంది, అది లెక్కల సంగతి, రైఫిల్ తప్పు కాదు. పది తూటాలకి 100 మీటర్ల దగ్గర 5 సెం.మీ. లోపు వచ్చే రైఫిల్ మీ వేటకి ఎక్కువే.

కొండకోన:

అందరికీ థ్యాంక్స్. మూడూ చేతిలోకి తీసుకుని చూశాను. 700ది ట్రిగ్గర్ రీకాల్ కాలంలోనిదే, సరిచేయించినట్టు కాగితం లేదు, పైగా ఒక లగ్ మాత్రమే మెరుస్తోంది. అది వదిలేశాను. హోవా, టిక్కా రెండూ నచ్చాయి. కళ్లు మూసి భుజానికి ఆనించి తెరిస్తే టిక్కాలో కన్ను స్కోప్ మధ్యకే వస్తోంది, హోవాలో బుగ్గ కాస్త ఎత్తాల్సొస్తోంది. స్కోప్ 3-9×40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మి.మీ.) అనుకుంటున్నాను. బిగించడం, జీరో చెయ్యడం నేనే చేసుకోవాలని ఉంది. గుంపు రాకపోతే దేన్ని అనుమానించాలి?

రెంచ్ బాబాయ్:

బుగ్గ ఎత్తాల్సిన రైఫిల్ వద్దు, టిక్కా తీసుకోండి. స్టాక్ సరిపోవడం అన్నది కాగితం మీద తేడాలన్నిటికన్నా ముందు.

బిగింపు. టిక్కా రిసీవర్ పైన 17 మి.మీ. డవ్‌టెయిల్ (వాలు అంచుల పట్టా) ఉంది, స్క్రూ రంధ్రాలూ ఉన్నాయి. నేరుగా డవ్‌టెయిల్‌కి పట్టే రింగులు వాడితే మధ్యలో బేస్ ఉండదు, వదులయ్యే చోటు ఒకటి తగ్గుతుంది. బేసే వాడితే రంధ్రాల్లోనూ స్క్రూల మీదా నూనె ఆల్కహాల్‌తో తుడిచి, బేస్ స్క్రూలకి మాత్రం నీలం థ్రెడ్‌లాకర్ చుక్క వెయ్యండి. రింగు పై మూతల స్క్రూలకి వద్దు. అది తడిగా ఉన్నప్పుడు స్క్రూని జారేలా చేస్తుంది, అదే టార్క్‌కి బిగుతు ఎక్కువై స్కోప్ గొట్టం నొక్కుకుంటుంది. మూతలకి 2 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ, రెండు వైపులా సందు సమానంగా ఉండేలా. యాక్షన్ స్క్రూల (రిసీవర్‌ని స్టాక్‌కి బిగించేవి) టార్క్ రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలోది పాటించండి, స్టాక్‌ని బట్టి మారుతుంది.

బేస్ బిగించాక బోల్ట్ ఎక్కడైనా రాసుకుంటోందా చూడండి. బిగించక ముందు లేని రాపిడి ఇప్పుడుంటే ముందువైపు బేస్ స్క్రూ పొడుగై లగ్ దారిలోకి దిగింది. స్క్రూని ఒక మర అరగదియ్యాలి, బోల్ట్‌ని బలంగా తోసి సర్దుకోకూడదు.

స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది గరిష్ఠ మాగ్నిఫికేషన్ మీద, మీరు వేటకి వేసుకునే కోటు వేసుకుని. కంటికీ అద్దానికీ మధ్య సుమారు 9 సెం.మీ. ఉంచండి. తేలిక రైఫిల్‌తో ఎత్తైన చోటు నుంచి కిందికి కాదు, కింద నుంచి పైకి కాల్చేటప్పుడు కనుబొమ పగిలేది.

జీరో ఇలా. బోల్ట్ తీసేసి, రైఫిల్‌ని సంచుల మీద కదలకుండా పెట్టి, బ్యారెల్ లోంచి 25 మీటర్ల దగ్గర గుండ్రటి గురిని చూడండి. అది బోర్ మధ్యలో ఉండగానే స్కోప్ గీతల్ని దాని మీదికి తిప్పండి. బోల్ట్ పెట్టి ఒకటి కాల్చండి. 0.1 మిల్ క్లిక్ (మిల్, ఎం.ఓ.ఏ. అనేవి స్కోప్ సర్దే కోణపు కొలతలు) 100 మీటర్ల దగ్గర 1 సెం.మీ., 25 దగ్గర రెండున్నర మి.మీ. పావు ఎం.ఓ.ఏ. క్లిక్ అయితే 100 దగ్గర 7 మి.మీ. 25 మీటర్ల దగ్గర ఇంచుమించు గురి మీదే తగిలేలా పెడితే నాలుగో క్లిక్ గారు చెప్పిన 200 మీటర్ల జీరోకి దగ్గరకి వస్తారు. తర్వాత 100కి వెళ్లి మూడు కాల్చి, గుంపు మధ్యని 6 సెం.మీ. పైకి తెచ్చుకోండి. ఒక్కో తూటాకి ఒక్కో దిద్దుబాటు చేస్తూ పోతే పెట్టె అయిపోతుంది, జీరో రాదు. వీలుంటే 200 దగ్గర కాగితం మీద ఖాయం చేసుకోండి. టిక్కా లైట్ బ్యారెల్ సన్నం, మూడు కాల్చి బోల్ట్ తెరిచి పెట్టి చెయ్యి ఆనేంత చల్లబడనివ్వండి.

గుంపు రాకపోతే వెతికే వరస: ముందు బేస్, రింగు స్క్రూలు, తర్వాత యాక్షన్ స్క్రూలు, తర్వాత బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య కాగితం, తర్వాత తూటా మార్చడం, తర్వాత పని చేస్తుందని తెలిసిన ఇంకో స్కోప్ పెట్టి చూడటం. బ్యారెల్‌ని అనుమానించేది అన్నిటికన్నా చివర. తూటా మార్చేటప్పుడు కనీసం మూడు రకాలు, ఒక్కోటి అయిదేసి చొప్పున. ఒకే రైఫిల్ ఒక రకంతో 2 సెం.మీ., ఇంకోదాంతో 6 సెం.మీ. పెట్టడం మామూలే.

బోర్ లైట్:

బాబాయ్ గారు చెప్పినదానికి చిన్న కలుపు. లగ్గుల వెనకా, బోల్ట్ వెనక కాకింగ్ వాలు మీదా నువ్వుగింజంత గ్రీజు పెట్టండి. స్టెయిన్‌లెస్ అయితే మరీ ముఖ్యం, పొడిగా రాసుకుంటే ఉక్కు ఉక్కుని పీక్కుని గీతలు పడతాయి. ఫైరింగ్ పిన్, స్ప్రింగ్ మాత్రం దాదాపు పొడిగానే ఉండాలి. అక్కడ గ్రీజు చలికి చిక్కబడితే పిన్ నెమ్మదిగా పడి తూటా పేలదు. బ్యారెల్‌లో నూనె ఉంచి దాచిపెట్టి, అలాగే వేటకి తీసుకెళ్తే మొదటి గుండు మిగతావాటికి దూరంగా పడుతుంది, జింక దొరికేదేమో ఆ మొదటి గుండుకే. బయల్దేరే ముందు పొడి గుడ్డలు రెండు దూర్చి లాగండి. కొన్న తర్వాత ఒకసారి శుభ్రమైన చల్లటి బ్యారెల్‌తో మొదటి గుండు, నాలుగు కాల్చి తుడవకుండా పెట్టి మర్నాడు చల్లటి బ్యారెల్‌తో మొదటి గుండు, రెండూ ఒకే కాగితం మీద వేరే రంగు పెన్నుతో గుర్తు పెట్టుకోండి. రెండోదే గుంపుకి దగ్గరగా ఉంటే వేట కాలం అంతా బ్యారెల్‌ని అలా కాల్చిన స్థితిలోనే ఉంచండి, తడిస్తే తప్ప తుడవకండి.